చెట్టంతా ఎర్రబడాలి

ఒకప్పుడు మా ఇంటి హాలు ఉదయం ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా బడి. ఆ తరువాత మళ్ళీ హాలు. మా ఊరు బంటింగ్‌లో మా వరస ఇళ్ళ ఆడపిల్లలందరూ తెల్లచొక్కాల మీద నీలం గౌన్లు తొడుక్కుని స్కూలు వ్యాను ఎక్కే వేళకి, నేను పళ్ళు తోముకుని, వంటింట్లోంచి హాల్లోకి నాలుగడుగులు వేసి, "గుడ్ మార్నింగ్ టీచర్" అని మా అమ్మకే చెప్పి కూర్చునేదాన్ని. (అమ్మ కూడా "గుడ్ మార్నింగ్, కూర్చో" అనేది, రెండు నిమిషాల క్రితం నా జడ వేసింది తను కానట్టు.) అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. ఆమె బీరువా సర్దుతుంటే ఆ బడి తాలూకు రికార్డులన్నీ దొరికాయి, ఒక్క కాగితం కూడా పారెయ్యలేదు. వాటిలో ఒక నోటుబుక్కు గురించి చెప్పాలనిపించింది. నా పదో ఏట ఆ నోటుబుక్కులో నేను చేసిన ఒక తెలివైన పని వల్ల మా నాయనమ్మ ఇల్లు వదిలి వెళ్ళిపోబోయింది. ఆమెని ఆపింది నేను కాదు, అమ్మ కాదు, నాన్న అసలే కాదు. ఒక పాఠ్యపుస్తకంలోని ఒక పేజీ.

అమ్మ క్లాంగ్‌లో పెరిగిన మనిషి. వాళ్ళింట్లో సగం తెలుగు, సగం అరవం, పూర్తిగా చర్చి. పెళ్ళయ్యాక నాన్న కూడా ఆదివారాలు చర్చికి వచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ ఆయన మతం ఏమిటో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. అడగందే ఏదీ చెప్పకపోవడం నాన్న స్వభావం. అమ్మ ఏడేళ్ళు ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగులో పనిచేసింది. వచ్చిన ప్రతి ముక్కనీ దీపం కింద పెట్టి చూడటం, బాగుంటే 'పాస్' అని, లేకపోతే 'రిజెక్ట్' అని చాప్ గుద్దడం. (మా వాళ్ళు రబ్బరు తోటల పనికి వలస వచ్చిన ఈ దేశంలో రబ్బరు ముద్రని చాప్ అంటాం.) నన్ను ఇంట్లోనే చదివించాలని నిర్ణయించుకుని ఉద్యోగం మానేసినప్పుడు, సాటి అమ్మాయిలు ఆమెకి కానుకగా ఇచ్చినవి కొత్త చాప్‌లు రెండు. ఒకటి పచ్చ, ఒకటి ఎరుపు. నా చదువు మొత్తం ఆ రెంటి కిందే సాగింది.

ఏ పుస్తకాలు పెట్టాలన్న దాని మీద అమ్మ నాలుగు నెలలు ఆలోచించింది. బడిలో ఏం నేర్పుతారో ఆమెకి తెలియదని కాదు. తెలుసు గనకనే భయం. పిల్లని తీర్చిదిద్దే బాధ్యత దేవుడు తల్లిదండ్రులకి ఇచ్చాడనీ, దాన్ని వ్యానులో ఎక్కించి పంపెయ్యడానికి వీల్లేదనీ ఆమె నమ్మకం. మొదట తెప్పించిన సెట్టు మరీ ఆటలపాటలుగా ఉందని తిరిగి పంపేసింది. రెండోది చాలా గొప్పదని అందరూ చెప్పారు గానీ, చరిత్ర పుస్తకం నిండా గ్రీసు దేశపు దేవుళ్ళున్నారు. అమ్మ దాన్నీ కట్ట కట్టేసింది. (ఆ పూట నాన్న తనంతట తాను ఒక మాట అన్నాడు, అందుకే గుర్తుంది: "ఇంట్లో మా అమ్మ తెచ్చిన సింహాద్రి అప్పన్నొకడు సాలడా, గ్రీసు నించి కూడా తెప్పించాలా?") మూడోది, చర్చిలో ఒక కుటుంబం వాడి ఇచ్చేసిన అమెరికా పుస్తకాల పెట్టె, అమ్మకి నచ్చింది. ప్రతి పాఠం మొదట ఒక బైబిలు వాక్యం, చివర ఒక ప్రశ్న. అమ్మ ఒకే నియమం పెట్టింది: పేజీ వదలకూడదు. దేవుడి పని సగం చెయ్యకూడదు. ఎవరో దానం చేసిన విజ్ఞాన సర్వస్వంలో మనిషి శరీరం గురించి ఉన్న పేజీలు మాత్రం ఆమె వదల్లేదు, పిన్నులు కొట్టేసింది. (కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుని పిన్నుల మధ్య నుంచి చూసిన ఆ ఆరు పేజీలూ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. తక్కిన సర్వస్వం ఏమీ గుర్తులేదు.)

నాయనమ్మ ఈ పుస్తకాలు రాకముందే మా ఇంటికొచ్చింది. బటాంగ్ బెర్జుంటై దగ్గర ఎస్టేటులో ముప్ఫై అయిదేళ్ళు పాల కోసం రబ్బరు చెట్లు కోసిన మనిషి. రబ్బరు తీసేసి ఆయిల్ పామ్ వేశాక, కూలీల లైను ఇల్లు ఖాళీ చెయ్యమన్నాక, ఒక ట్రంకు పెట్టెతో, సింహాద్రి అప్పన్న పటంతో వచ్చింది. పటం ఆమె గదిలోనే ఉండాలి, దాని కథలు బడి వేళల్లో చెప్పకూడదు, రేడియో పెట్టకూడదు అని అమ్మ మర్యాదగానే చెప్పింది. నాయనమ్మ అంతకన్నా మర్యాదగా ఒప్పుకుంది. ఎనిమిది గంటలు కాగానే వంటింట్లోకి వెళ్ళి స్టూలు మీద కూర్చునేది. కానీ వంటింటికి తలుపు లేదు.

"ఏటే పిల్లా, ఆ ఫ్రిజ్జు గీకుతున్నావేటి?"

"స్నో, అత్తా. పుస్తకంలో ఒక కప్పు స్నో కరిగితే ఎంత నీళ్ళొస్తాయో చూడాలని ఉంది. మనకి స్నో ఎక్కడుంది లా?" (మాట చివర ఈ 'లా' మా దేశపు అలవాటు.)

"ఓలమ్మ! ఐసు గీకడం కూడా సదువేనా? అయితే ఆ సేపల మార్కెట్టోడు పెద్ద మేస్టరు."

ఫ్రీజరు గోడల మంచుతో మేం ఆ పాఠం పూర్తిచేశాం. పాస్. ఆపిలు కోతల పండగ పాఠం జామకాయలతో పూర్తిచేశాం. పాస్, కానీ పచ్చ చాప్ పక్కన అమ్మ నిజాయితీగా 'జామ' అని రాసింది. అబద్ధం ఆమెకి పనికిరాదు. ఫ్యాక్టరీలో ఒక్కసారి తప్పుడు చాప్ గుద్దితే ఆ ముక్క ఎవరి ఇంట్లోనో కాలిపోతుందనేది. అలా సాగుతూ, జనవరి నెలలో మేం ఆకుల పాఠానికి వచ్చాం. ఒక చెట్టు ఎంచుకోండి, చెట్టంతా రంగు మారి ఆకులు రాల్చడం గమనించండి, ఆ ఆకుల్ని ఈ పేజీలో అంటించండి.

బంటింగ్‌లో ఏ చెట్టూ ఆ పుస్తకం చదవలేదు. సముద్రం వైపు ఒక బాదం చెట్టు కింద ఎర్రాకులు దొరికాయని నేను గంతులేసుకుంటూ పట్టుకొచ్చాను. అమ్మ చెట్టు దగ్గరికి నడిచి వెళ్ళి, తలెత్తి చూసి, తిరిగొచ్చింది. "ఎర్రాకులు నాలుగే ఉన్నాయి. చెట్టు పచ్చగా ఉంది. పుస్తకంలో 'చెట్టంతా' అని ఉంది. చెట్టంతా ఎర్రబడాలి." ఎరుపు చాప్. ఆ పేజీని ఖాళీగానే ఉంచి, 'చూడలేదు' అని రాయమంది. రాస్తున్నప్పుడు ఆమె మొహం చూశాను. ఓడిపోయిన మొహం. ఆ శనివారం క్లాంగ్‌లో ఇంటి బడి కుటుంబాల సమావేశం. అక్కడ అందరి నోటుబుక్కులూ చూసేది మేం 'ఏడుగురు పిల్లల ఆంటీ' అని పిలుచుకునే ఒక తమిళావిడ. ఆమె పిల్లలు ఏడుగురూ ఎత్తు ప్రకారం నిలబడేవారు, ఎవరూ చెప్పకుండానే. వాళ్ళకి కెనడాలో మేనత్త ఉంది. కవర్లో నిజమైన మేపుల్ ఆకులు వచ్చాయి. ఖాళీ పేజీతో మా అమ్మ ఆమె ముందు నిలబడాలి.

అది నాకు భరించరానిదిగా తోచింది. శుక్రవారం మధ్యాహ్నం అమ్మ బట్టలు ఆరెయ్యడానికి వెళ్ళినప్పుడు పెరట్లో పనసాకులు ఆరు కోశాను. గోళ్ళ కత్తెరతో, పుస్తకంలో బొమ్మ చూసుకుంటూ, ఒక్కొక్కదాన్నీ అయిదు మొనల మేపుల్ ఆకుగా కత్తిరించాను. మూడింటికి వంటింటి పసుపు. మూడింటికి ఎరుపు కావాలి. ఇంట్లో ఎరుపు ఒక్క చోటే ఉంది. నాయనమ్మ నిద్రపోతోంది. అప్పన్న పటం ముందు చిన్న ఇత్తడి గిన్నె. కొబ్బరినూనెలో కలిపి పూస్తే కెనడా కూడా సిగ్గుపడేంత ఎరుపు వచ్చింది. అంటించాను. 'చూడలేదు' అన్నది చెరిపేసి 'చూశాను' అని రాశాను. (నిజమే. నేను చూశాను. ఆ వాదన నా దగ్గర సిద్ధంగా ఉంది.)

శనివారం ఆ సమావేశం హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నా గాలి లేదు. ఆంటీ మా నోటుబుక్కు తెరిచింది. ఆకుల పేజీ దగ్గర ఆగింది. వేలితో తడిమింది, ఇంకోసారి తడిమింది. "ఎత్తన అళగు!" అని తన అరవంలో మెచ్చుకుని, నుదుటి చెమట ఆ వేలితోనే అద్దుకుంది. బొట్టు పెట్టుకోకూడదని పదిహేనేళ్ళుగా అందరికీ చెబుతున్న ఆమె నుదుటి మధ్యన, అర్ధరూపాయంత, గుండ్రంగా, ఎవరో పేరంటానికి పిలిచి పెట్టినట్టు కుంకుమ బొట్టు. ఏడుగురు పిల్లలూ ఎత్తు ప్రకారం చూశారు. ఆమె అలాగే లేచి ముగింపు ప్రార్థన చేయించింది. కళ్ళు మూసుకోవలసిన సమయంలో హాల్లో ఒక్కరి కళ్ళూ మూతపడలేదు, ఆంటీవి తప్ప. అమ్మ ఆ బొట్టు చూసింది, నోటుబుక్కు చూసింది, తరువాత నా వేళ్ళు చూసింది.

ప్రార్థన అయ్యాక అమ్మ అందరి ముందూ లేచి, "ఈ పేజీ తప్పు. మా ఊళ్ళో ఆకులు ఎర్రబడలేదు. దీన్ని లెక్కలోకి తీసుకోకండి," అని చెప్పింది. తరువాత ఆంటీని పక్కకి తీసుకెళ్ళి తన రుమాలు ఇచ్చింది. ఇంటికి రాగానే నోటుబుక్కు వంటింటి బల్ల మీద పెట్టి, ఆకుని దీపం కిందకి తెచ్చింది.

"ఈ ఆకుకి అంచు ఏ ఫ్యాక్టరీలో కోసినారు?"

నేను నోరు తెరిచేలోగా స్టూలు మీంచి నాయనమ్మ అంది: "నానే. నానే కోసినాను, నానే రంగేసినాను. గుంటకేటీ తెల్దు."

"అత్తా, మీకు కళ్ళద్దాలు లేకపోతే సూదిలో దారమే ఎక్కదు. ఈ మొనలు మీరు కోసినారా?"

"కోసినాననంటే కోసినాను."

అమ్మ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "కుంకుమ పోతే పోయింది అత్తా, దాని గురించి నేనేమీ అనలేదు. కానీ పిల్ల ముందు అబద్ధమాడితే నేనింక నేర్పేది ఏటుంది? ఈ ఇంట్లో నేను కట్టింది మీరు విప్పేస్తే ఎలాగ?"

నాయనమ్మ బల్ల మీది పనసాకు చూసింది. "నిజమేలే. సదువు లేనోళ్ళం. మాకు తెలిసిందేటి? సెట్లు కోసుకున్నోళ్ళం." లేచి గదిలోకి వెళ్ళి ట్రంకు పెట్టె కిందకి దింపింది. చీనా కొత్త సంవత్సరం సెలవులకి నాన్న పనిచేసే ఫ్యాక్టరీ మూస్తారు. అప్పుడు సుంగై పెటానిలో బాబాయి ఇంట్లో దింపెయ్యమంది. అమ్మ ఉండిపొమ్మనలేదు. ఉండమంటే నాయనమ్మ ఉండేది కాదు. ఆమె వెళ్తాననకపోతే అమ్మ వెళ్ళమనేదీ కాదు. ఇద్దరూ మాట మీద నిలబడే మనుషులు, అదే చిక్కు. నేను మాత్రం మూడు వారాలు నిజం చెబుదామని రోజూ అనుకుని, రోజూ వాయిదా వేశాను. చెబితే నాయనమ్మ అబద్ధం బయటపడుతుంది, చెప్పకపోతే నాయనమ్మే వెళ్ళిపోతుంది. పది ఏళ్ళ మనిషికి అది పెద్ద లెక్కే.

ఆ ఫిబ్రవరిలో మేం పొద్దున్నే బయల్దేరాం. ముందు నాన్న, నాయనమ్మ. వెనక అమ్మ, నేను, మా మధ్య అప్పన్న పటం. (పటం పగలకుండా అమ్మే తన తువ్వాలు చుట్టి ఇచ్చింది. దాని మీద చెయ్యి వేసి కూర్చుంది కూడా, మలుపుల్లో.) సెలవు కాబట్టి అమ్మ బడి పెట్టెలోంచి ఆకుల పాఠం ఉన్న పుస్తకాన్ని మాత్రం ఒడిలో పెట్టుకుంది. కెడా రాష్ట్రంలోకి వచ్చాక పెద్దరోడ్డు మీద బళ్ళు కదలడం లేదని నాన్న పాత దారి పట్టాడు. ఒక వంపు తిరిగాం. అమ్మ ఒక్కసారిగా అరిచింది.

"ఏంగ! ఆపండి! ఆపండి లా!" (ఏంగ అంటే అరవంలో మొగుణ్ణి పిలిచే మాట. అమ్మ తెలుగు కంగారు పడితే అటు వెళ్ళిపోయేది.)

రోడ్డుకి రెండు పక్కలా చెట్లు ఎర్రగా ఉన్నాయి. నాలుగాకులు కాదు, చెట్టంతా. చెట్టు వెనక చెట్టు, వరస వెనక వరస, ఎరుపు, ఇటుక రంగు, పసుపు. గాలి వీచినప్పుడల్లా ఆకులు రాలుతున్నాయి. నేల కనబడటం లేదు. అమ్మ కారు దిగి, చెప్పుల్లోకి ఆకులు దూరుతున్నా చూసుకోకుండా నిలబడిపోయింది.

"ఇవేం చెట్లు?"

"రబ్బరు," అంది నాయనమ్మ, నడుం పట్టుకుని నెమ్మదిగా దిగుతూ. "ఏటా ఇంతే. ఈ నెలలో ఆకంతా రాల్చేసుకుంటాది. పాలు పలసనైపోతాయి. ఉత్తరాది ఎండకి ఇంకా బాగా రాలుతాది."

"మీకు తెలుసా అత్తా?"

"ముప్పై ఐదేళ్ళు ఈ ఆకుల మీద నడిసినాను. తెల్దేటి?"

"మరి చెప్పలేదే! జనవరంతా నేను చెట్టు కోసం తిరిగినాను!"

"బడి యేళ నన్ను మాటాడొద్దన్నావు గదే."

అమ్మ నాన్న వైపు తిరిగింది. "మీరు ఎస్టేట్లోనే పుట్టినారు గదా. మీకూ తెలుసా?"

నాన్న కారుకి ఆనుకుని సిగరెట్టు కోసం జేబు తడుముకుంటున్నాడు. "తెలుసు. నన్నెవరడిగినారు?"

ఆ తరువాత జరిగింది నేను ఇంకెప్పుడూ చూడలేదు. అమ్మ పుస్తకం తెరిచి, పెన్సిలు తీసి, ఒక వేరు మీద కూర్చుంది, నేను హాల్లో కూర్చున్నట్టు. నాయనమ్మ చెట్టు దగ్గర నిలబడింది. ఆకు మొదట ఎక్కడ రంగు తిరుగుతుందో, ఎన్ని రోజులకి కొమ్మ బోడిదవుతుందో, కొత్త చిగురు రాగి రంగులో ఎలా వేలాడుతుందో చెబుతుంటే అమ్మ రాసుకుంది. నాయనమ్మ బెరడు మీద చెయ్యి పెట్టి, కత్తి గాట్లు తడిమి, మొహం చిట్లించింది. "సేతకానోడు కోసినాడు. సూడు, కత్తి లోపలి కర్రకి తగిలిపోయింది. మా మేస్త్రీ కంగాణీ అయితే తోలు తీసేవాడు."

అమ్మ లేచి వంగి చూసింది. చెడిన పనిని చూస్తే ఆమె కళ్ళు ఎప్పుడూ అలాగే వెలిగేవి. "అంటే రిజెక్టా అత్తా?"

"రిజెక్టెందుకౌతాది పిల్లా? సెట్టు గదా, మానుతాది. ఆ సోటు ముట్టుకోకుండా కొన్నేళ్ళు ఒగ్గేస్తే కొత్త బెరడొస్తాది. మల్లీ అక్కడే కొయ్యొచ్చు."

అమ్మ అదీ రాసుకుంది. రాస్తూ కొంచెం ఆగింది. ఇదే అదననిపించి నేను గబగబా అనేశాను: "కుంకుమ నేనే తీసినాను. ఆకులు నేనే కోసినాను."

"తెలుసు," అంది అమ్మ, తలెత్తకుండా.

"తెలుసులేయే గుంటా," అంది నాయనమ్మ.

"నాకూ తెలుసు," అన్నాడు నాన్న కారు దగ్గర నుంచి. "నన్నెవరడిగినారు?"

నాయనమ్మే ముందు నవ్వింది. ఆంటీ నుదుటి మీద బొట్టు ఎంత ఉందని అమ్మనడిగింది. అమ్మ బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించి, అది పాపమని గుర్తొచ్చి చెయ్యి దింపేసి, ఆపుకోలేక వేరు మీద కూలబడింది. కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నేను ఆకులు ఏరాను. అసలైనవి, మూడేసి కలిసి ఉండేవి.

క్షమించమని ఎవరూ ఎవరినీ అడగలేదు. అమ్మ పేజీ తిప్పింది, అంతే. "అత్తా, తరువాత పేజీ వసంతం. 'అదే చెట్టుని మూడు వారాల తరువాత చూడండి' అని ఉంది. అదే చెట్టు అంట. మీరు లేకపోతే ఏ చెట్టో నాకు తెలీదు. మళ్ళీ వస్తాం. మీ పెట్టె సర్దే ఉంచండి."

"పేజీ ఒగ్గేస్తే ఏటి?"

"పేజీ వదలకూడదు."

నాయనమ్మ కాళ్ళకంటిన ఆకులు దులుపుకుంది. "అవును మరి. సదువు గదా," అంది.

మూడు వారాల తరువాత అదే చెట్టుకి రాగి రంగు చిగుళ్ళు చూసి, ఆమెని ఇంటికి తీసుకొచ్చాం. అప్పటినుంచి ఆమె స్టూలు హాల్లోకి మారింది, గురువారాలు సైన్సు రోజున. అప్పన్న మాత్రం గదిలోనే ఉన్నాడు. ఆ విషయంలో అమ్మ ఏమీ మార్చుకోలేదు, నాయనమ్మా మార్చుకోమనలేదు. ఆమె బతికిన ఇంకో పదకొండేళ్ళూ మా ఇంట్లోనే ఉంది. అమ్మ అభిప్రాయాల్లో సగం ఇవాళ నావి కావు. మా అమ్మాయి వ్యానెక్కి బడికి వెళ్తుంది. పుస్తకాలకి పిన్నులు కొట్టను. కానీ పేజీ వదలలేను, టెలిఫోను బిల్లు వెనక షరతులతో సహా.

నోటుబుక్కులో రబ్బరాకుల పేజీ ఉంది. పచ్చ చాప్, కింద 'టీచరు' అన్నచోట నాయనమ్మ సంతకం: చెట్టు మీద కత్తి గాటులా వాలుగా ఒక గీత. దానికి ముందు, చింపేసి ఉంటారనుకున్న పేజీ కూడా ఉంది. ఫ్యాక్టరీ అలవాటు, రిజెక్ట్ అయిన దాన్ని కూడా రికార్డులో ఉంచాలి. పనసాకులు గోధుమరంగు ముక్కలైపోయాయి. వాటి మీద ఎరుపు చాప్. దాని పక్కన, ఎప్పుడు రాసిందో తెలియదు, అమ్మ పొందికైన ఇంగ్లీషు అక్షరాల్లో రెండు ముక్కలు: రంగు అసలుది కాదు. బాగుచెయ్యవచ్చు.

నేను ఆ ఆకుని వేలితో తడిమాను. ఇన్నేళ్ళయినా కుంకుమ ఇంకా అంటుతోంది. వేలు ఎర్రబడింది. ఇంట్లో ఎవరూ లేరు. అయినా ఆ చెయ్యి వీపు వెనక దాచుకుని, ఒకసారి గుమ్మం వైపు చూశాను.